మైళ్ల లెక్క: విమానం, హోటల్ పాయింట్లపై అపోహలు – వాస్తవాలు

2020లో కరోనా దెబ్బకు ప్రపంచమంతటా విమానాలు నేల మీదే ఉండిపోయాయి. జీతాలకు వెతుక్కోవాల్సిన ఆ రోజుల్లో అమెరికాలోని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 680 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. అందుకు తాకట్టు పెట్టింది విమానాలను కాదు, మైలేజ్‌ప్లస్ అనే తన మైళ్ల పథకాన్ని. అదే ఏడాది డెల్టా తన స్కైమైల్స్‌ను చూపించి 900 కోట్ల డాలర్లు, 2021 మార్చిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన అడ్వాంటేజ్‌ను చూపించి 1,000 కోట్ల డాలర్లు తెచ్చుకున్నాయి. విమానం ఎగరకపోయినా మైళ్లకు విలువ ఉందన్నమాట. ఎయిర్‌లైన్స్ ఆ మైళ్లను బ్యాంకులకు అమ్ముతాయి, బ్యాంకులు కార్డుల ద్వారా మనకు పంచుతాయి. అందులో లాభం బాగానే ఉంది.

కాబట్టి ఎయిర్‌లైన్ మన మీద అభిమానంతో మైళ్లు ఇస్తోందని అనుకోనక్కర్లేదు. తనే అచ్చేసి, విలువ కూడా తనే కట్టే నోట్లు అవి. ఈ ఒక్క సంగతి తెలిస్తే మన ఇళ్లలో, ఆఫీసుల్లో చెలామణీ అయ్యే సగం మాటలు ఎంతవరకు నిజమో ఇట్టే తేలిపోతుంది.

అపోహ: ఎప్పుడూ విమానాల్లో తిరిగేవాళ్లకే ఇవి. మనలాంటి వాళ్లకెందుకు?

రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల సంగతే చూద్దాం. హైదరాబాద్ నుంచి దోహా, అక్కడి నుంచి డాలస్, మళ్లీ అదే దారిన వెనక్కి. ఒక్క ప్రయాణంలోనే భూగోళంలో పెద్ద ముక్క చుట్టి వస్తారు. టికెట్ కొన్నది డాలస్‌లోని కొడుకే అయినా మైళ్లు అతని ఖాతాలో పడవు. సీట్లో ఎవరు కూర్చుంటే వాళ్లవే. అమ్మకు వేరే ఖాతా, నాన్నకు వేరే ఖాతా ఉండాలి. ఖాతా తెరవడానికి పైసా ఖర్చు లేదు, అయినా ఎక్కువ మంది తెరవరు. తర్వాత కావాలంటే ఇంట్లోవాళ్ల మైళ్లన్నీ ఒకచోట కలుపుకోవచ్చు. ఎమిరేట్స్‌లో ‘మై ఫ్యామిలీ’, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో ‘హౌస్‌హోల్డ్ అకౌంట్’ ఉన్నది అందుకే.

ఇక్కడ మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే చిక్కొకటి ఉంది. అది ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఖాతా తెరిచేటప్పుడు అలవాటు కొద్దీ పొడి అక్షరం వేస్తాం. పాస్‌పోర్టులో ‘వెంకట’ విడిగా ఉంటే ఖాతాలో కలిపి రాస్తాం. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది, వాళ్ల టికెట్ మీద ఒక్కోసారి ఉన్న పేరే రెండుసార్లు పడుతుంది. ఖాతాలో పేరు, టికెట్‌లో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా లేకపోతే కంప్యూటర్ మైళ్లు వేయకపోవచ్చు. పాస్‌పోర్టు ముందు పెట్టుకుని ఖాతా తెరవండి.

అపోహ: ఏ విమానం ఎక్కితే మైళ్లు ఆ సంస్థ ఖాతాలోనే వేసుకోవాలి

అక్కర్లేదు. ఎయిర్‌లైన్స్‌లో మూడు పెద్ద కూటములున్నాయి: స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్. ఎయిర్ ఇండియా 2014 జులైలో స్టార్ అలయన్స్‌లో చేరింది. యునైటెడ్, లుఫ్తాన్సా, సింగపూర్, టర్కిష్ కూడా అందులోనే. ఖతర్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ వన్‌వరల్డ్‌లో ఉన్నాయి. ఒకే కూటమిలోని ఏ విమానమెక్కినా మైళ్లు మనం ఎంచుకున్న ఒక్క ఖాతాలోకే మళ్లించుకోవచ్చు. ఎమిరేట్స్, ఎతిహాద్, ఇండిగో మాత్రం ఏ కూటమిలోనూ లేవు. ఇండిగో బ్లూచిప్ పాయింట్లు దేశంలో తిరిగేవాళ్లకు పనికొస్తాయి, వాటిని చూపించి ఏ కూటమి హోదా (ఎక్కువగా తిరిగేవాళ్లకిచ్చే గోల్డ్ లాంటి స్థాయి) అడగలేం.

ఒక్కో ప్రయాణానికి ఒక్కో ఖాతా అంటూ ఐదు చోట్ల తలా నాలుగు వేల మైళ్లు పడి ఉంటే ఎక్కడా టికెట్ రాదు. మన ఇంటి దారి ఏదో ముందు చూసుకోవాలి. దోహా మీదుగానో లండన్ మీదుగానో వెళ్లే కుటుంబానికి ఏవియోస్ నప్పుతాయి. ఖతర్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ రెండింటి పాయింట్లూ ఏవియోసే. ఖాతాలు జోడించుకుంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి ఒకటికి ఒకటి చొప్పున మారతాయి, రెండు సంస్థల విమానాలూ శంషాబాద్‌లో దిగుతాయి.

టికెట్ మీద ఇంకో చిన్న అక్షరం చూడాలి. అది బుకింగ్ క్లాస్. ఎకానమీ అంతా ఒకటే అనుకుంటాం గానీ, అందులోనే పదికి పైగా తరగతులుంటాయి. అతి చవక తరగతిలో భాగస్వామి ఎయిర్‌లైన్ పావు వంతు మైళ్లే ఇవ్వొచ్చు, అసలు ఇవ్వకపోనూ వచ్చు. ఏజెంటును ఆ అక్షరం అడిగి ఆ సంస్థ పట్టికలో చూసుకోవడం ఐదు నిమిషాల పని.

పరాయి ఖాతాలో వేసుకుంటే ఒక్కోసారి సొంత ఖాతాకంటే మర్యాద ఎక్కువ. యునైటెడ్ సొంత గోల్డ్ సభ్యుడు అమెరికా లోపలి ప్రయాణాల్లో, ఆ హోదా మీద యునైటెడ్ లాంజ్‌లోకి వెళ్లలేడు. అదే విమానానికి ఎయిర్ ఇండియా గోల్డ్ కార్డుతో వచ్చినవాడు వెళ్లగలడు. కూటమి నియమం స్టార్ గోల్డ్‌కు, అంటే సభ్య సంస్థల గోల్డ్ స్థాయి వాళ్లకు, లాంజ్ ఇస్తుంది, యునైటెడ్ ఆ నియమం నుంచి తన సభ్యులను మినహాయించుకుంది. న్యూజెర్సీలో ఉంటూ, ఎయిర్ ఇండియాలో ఇంటికొచ్చి వెళ్తూ గోల్డ్ హోదా తెచ్చుకున్నవారికి ఇది తెలిస్తే నెవార్క్‌లో ఇడ్లీ దొరక్కపోయినా కాఫీ అయినా దక్కుతుంది.

అపోహ: అప్పుడప్పుడూ కాస్త వాడుతుంటే మైళ్లకు గడువు ఉండదు

కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల నిండా ముంచే మాట. డెల్టా, యునైటెడ్ మైళ్లకు గడువే లేదు. అమెరికన్‌లో, మారియట్ హోటళ్ల పథకం బాన్‌వాయ్‌లో ఇరవై నాలుగు నెలల్లో ఏదో ఒక కదలిక ఉండాలి. ఏవియోస్‌కు ముప్పై ఆరు నెలలు. వీటిలో చిన్న లావాదేవీ చేసినా గడియారం మళ్లీ మొదటికొస్తుంది.

సింగపూర్ క్రిస్‌ఫ్లయర్, ఎమిరేట్స్ స్కైవార్డ్స్ అలా కాదు. ఆ మైళ్లు వచ్చిన నాటి నుంచి మూడేళ్లకు పోతాయి, మధ్యలో ఎన్నిసార్లు ఎగిరినా పాతవాటికి ప్రాణం రాదు. మూడేళ్లకోసారి ఎమిరేట్స్‌లో వెళ్లే తల్లిదండ్రులకు మొదటి ప్రయాణపు మైళ్లు రెండోదాంతో జత కలిసేలోపే మాయమైపోవచ్చు. అలాంటి ఇంట్లో వచ్చిన మైళ్లతో ఆ వెంటనే ఏదో ఒకటి తీసేసుకోవడమే దారి.

అపోహ: మైళ్లతో తీసుకున్న టికెట్ ఫ్రీ

పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు ఎటూ కట్టాలి. వాటికి తోడు కొన్ని సంస్థలు ‘క్యారియర్ చార్జి’ పేరుతో సొంతంగా వడ్డిస్తాయి. లండన్ నుంచి బయల్దేరితే బ్రిటన్ ప్రభుత్వం వేసే ప్రయాణికుల సుంకం వేరే.

లెక్క ఇలా చూడాలి. అంకెలు ఉదాహరణకే. మామూలు టికెట్ 62,000 రూపాయలు. మైళ్లతో తీసుకుంటే 30,000 మైళ్లు, పైన 18,000 రూపాయలు. అంటే 30,000 మైళ్లు ఆదా చేసింది 44,000. ఒక్కో మైలుకు దాదాపు 1 రూపాయి 47 పైసలు. అదే టికెట్ సెలవులు లేని నెలలో 38,000కు దొరికిందనుకోండి, మైలుకు 67 పైసలే వచ్చాయి. అప్పుడు డబ్బు పెట్టి కొనుక్కుని మైళ్లు దాచుకోవడం మేలు. పైగా డబ్బిచ్చి కొన్న టికెట్‌కు మళ్లీ మైళ్లొస్తాయి, హోదాకు పనికొచ్చే లెక్క కూడా పెరుగుతుంది. మైళ్ల టికెట్‌కు మామూలుగా ఆ రెండూ ఉండవు.

సంక్రాంతి ముందు, డిసెంబరు సెలవుల్లో టికెట్ ధర ఆకాశానికి అంటినప్పుడు మైళ్ల సీటు దొరికితే అదే పండగ. దొరకడమే కష్టం. అందుకే తేదీలు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరుపుకోగలిగినవాళ్లకే మైళ్లు ఎక్కువగా కలిసొస్తాయి.

మైళ్లు పెట్టి మిక్సీలు, సూట్‌కేసులు, గిఫ్ట్ వోచర్లు తీసుకునే కేటలాగ్ జోలికి పోవద్దు. అక్కడ మైలు విలువ అడుక్కి దిగిపోతుంది.

అపోహ: కష్టపడి సంపాదించిన పాయింట్లు, మన సొత్తు. ఎంత దాస్తే అంత మంచిది

అమెరికాలో బిన్యోమిన్ గిన్స్‌బర్గ్ అనే యూదు మతగురువు నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌లో ప్లాటినం సభ్యుడు. ఊరికే ఫిర్యాదులు చేస్తున్నాడంటూ 2008లో ఆ సంస్థ ఆయన సభ్యత్వం రద్దు చేసింది. ఆయన కోర్టుకెక్కారు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2014 ఏప్రిల్‌లో న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా ఎయిర్‌లైన్ పక్షానే తీర్పిచ్చారు. సభ్యత్వాన్ని తన ఇష్టప్రకారం రద్దు చేసే హక్కు సంస్థదేనని నిబంధనల్లో ఉంది. మనం చదవకుండా ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కేసేది ఆ నిబంధనల మీదే.

రద్దు చేయకపోయినా విలువ తగ్గించొచ్చు. ఏ టికెట్‌కు ఎన్ని మైళ్లో చెప్పే స్థిరమైన పట్టికను డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో తీసేశాయి. 2022లో మారియట్ కూడా హోటల్ పట్టికను ఎత్తేసింది. ఇప్పుడు గిరాకీని బట్టి రేటు, అది కూడా రోజుకోలా. సంస్థ మునిగితే ఇంకో బాధ. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోవడంతో కింగ్ క్లబ్ మైళ్లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడు జెట్‌ప్రివిలేజ్ విడి కంపెనీ కావడంతో ఇంటర్‌మైల్స్‌గా పేరు మార్చుకుని బతికింది. పాయింట్లు మిగిలాయి, వాటితో ఎక్కాల్సిన జెట్ విమానాలే లేవు. 2024 నవంబరులో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు సభ్యుల పాయింట్లు అక్కడికి మారాయి, అదొక అదృష్టం.

పాయింట్లు ఆవకాయ కాదు, ఊరితే రుచి పెరగడానికి. ఏ ప్రయాణానికో ముందే అనుకుని, అందుకు సరిపడా కూడగానే వాడేయాలి.

అపోహ: ఎందులో బుక్ చేస్తే ఏముంది, పాయింట్లు ఎలాగూ పడతాయి

విమానానికి చాలావరకు సరైన మాటే. ఏజెంటు దగ్గర కొన్నా, యాప్‌లో కొన్నా సభ్యత్వ నంబరు ఎక్కిస్తే మైళ్లు పడతాయి. హోటల్‌కు ఇది దాదాపు తిరగబడుతుంది. మారియట్, హిల్టన్, ఐహెచ్‌జీ, అకోర్ వంటి గొలుసు హోటళ్లను బయటి యాప్‌లలో బుక్ చేస్తే మామూలుగా పాయింట్లు రావు, ఆ రాత్రులు హోదా లెక్కలోకీ రావు. హోదా వల్ల వచ్చే టిఫిన్, ఆలస్యంగా ఖాళీ చేసే వీలు కూడా ఇవ్వాలని ఏమీ లేదు. యాప్‌లో రెండు వందలు తక్కువ చూసి మురిసిపోయేవాళ్లు ఇక్కడే నష్టపోతారు. అయితే ఏడాదికొకసారి మాత్రమే హోటల్‌లో దిగేవాళ్లు చవకగా దొరికిన చోటే బుక్ చేసుకోవడం మంచిది. పాయింట్ల కోసం ఎక్కువ కట్టడంలో అర్థం లేదు.

పెళ్లిళ్ల ఇళ్లవాళ్లకు ఒక మాట. మారియట్‌లో సభ్యుడు తానూ ఒక గదిలో ఉండి, బిల్లు తనే కడితే మూడు గదుల దాకా పాయింట్లు పడతాయి. చుట్టాలకు గదులు తీసేటప్పుడు ముందే నంబరు చెప్పండి. పాయింట్లతో వరసగా ఐదు రాత్రులు తీసుకుంటే మారియట్ నాలుగింటికే తీసుకుంటుంది. హిల్టన్‌లో ఇదే సౌకర్యం సిల్వర్, ఆపై హోదావాళ్లకుంది. అమెరికాలో లాస్ వేగస్ లాంటి చోట్ల గది అద్దె మీద ‘రిసార్ట్ ఫీజు’ వేస్తారు. పూర్తిగా పాయింట్లతో తీసుకున్న గదికి హిల్టన్ అది వేయదు, మారియట్ వేయొచ్చు.

ఇంకో గందరగోళం: ‘సార్, మా హోటల్ మెంబర్‌షిప్’ అంటూ ఫోన్లో డబ్బులకు అమ్మేది వేరు, ఉచితంగా చేరే పాయింట్ల పథకం వేరు. క్లబ్ మారియట్ భోజనాల మీద తగ్గింపులిచ్చే డబ్బు సభ్యత్వం. బాన్‌వాయ్ పాయింట్లది, చేరడానికి ఖర్చు లేదు. బయట భోంచేసే అలవాటు లేనివాళ్లకు మొదటిది దండగ.

అపోహ: విమానం ఎక్కితేనే మైళ్లు

1999లో కాలిఫోర్నియాలో డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజినీరు ఒక ఆహార కంపెనీ ప్రకటన చదివి, దాని పుడ్డింగ్ కప్పులు 12,000కు పైగా కొన్నాడు. వాటికి సుమారు 3 వేల డాలర్లు పెట్టి, లేబుళ్లు పంపి పన్నెండున్నర లక్షల మైళ్లు సంపాదించాడు. ఇప్పుడు అలాంటి సందులు దొరకవు, ఆ స్థానంలో క్రెడిట్ కార్డులున్నాయి. ప్రతి నెలా బిల్లు పూర్తిగా కట్టేవాళ్లకు అవి లాభమే. బాకీ మిగిల్చేవాళ్ల మీద పడే వడ్డీ చాలా కార్డుల్లో ఏడాదికి 40 శాతం దాటుతుంది, ఏ మైళ్లూ దాన్ని పూడ్చలేవు. మన దేశపు కార్డును అమెరికాలో గీకితే చాలా కార్డులకు 2 నుంచి 3.5 శాతం ఫారెక్స్ రుసుము, దాని మీద జీఎస్టీ కూడా పడతాయి. పాయింటు లెక్కేసేటప్పుడు అది తీసేయాలి.

అపోహ: కోటు వేసుకుని మర్యాదగా అడిగితే బిజినెస్ క్లాస్‌కు మారుస్తారు

మార్చరు. ఎవరిని మార్చాలన్న జాబితా హోదా, టికెట్ తరగతి చూసి కంప్యూటర్ వేస్తుంది.

అపోహ: ఆఫీసు డబ్బుతో తిరిగినా మైళ్లు మనవే

ప్రైవేటు కంపెనీల్లో అది కంపెనీ విధానాన్ని బట్టి. మన ఐటీ కంపెనీల్లో చాలావరకు ఉద్యోగికే వదిలేస్తారు, ట్రావెల్ డెస్క్‌కు నంబరు ఇచ్చామా లేదా అన్నదే తేడా. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు మాత్రం నిబంధన స్పష్టం. అధికారిక పర్యటనల్లో వచ్చిన మైళ్లను అధికారిక ప్రయాణాలకే వాడాలి. జర్మనీలో 2002లో ఇదే విషయం మీద పెద్ద దుమారం రేగి, బెర్లిన్ రాష్ట్ర ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసే గ్రెగర్ గీసీ పదవి వదులుకున్నారు.

అపోహ: విమానం దిగాక బోర్డింగ్ పాస్‌తో పనిలేదు

మైళ్లు ఖాతాలో పడకపోతే అడగడానికి చాలా సంస్థలు ఆరు నెలల గడువిస్తాయి. అప్పుడు అడిగేది టికెట్ నంబరు, బోర్డింగ్ పాసే. ఫోన్లో ఉన్నదైతే ఒక స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోవాలి, ప్రయాణమయ్యాక యాప్‌లోంచి అది పోతుంది. ఆ స్క్రీన్‌షాట్‌ను వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం పెట్టకండి. అందులోని బార్‌కోడ్‌లో పేరు, పీఎన్‌ఆర్‌తో పాటు చాలాసార్లు సభ్యత్వ నంబరు కూడా ఉంటుంది. వాటితో తిరుగు టికెట్ మార్చేయడానికీ, ఖాతాలోకి దూరడానికీ దారి దొరుకుతుంది. కాగితం పాస్ అయితే మైళ్లు పడ్డాక ముక్కలు చేసి పారేయండి, సీటు ముందు జేబులో వదిలేసి దిగిపోవద్దు.