ఇంట్లో ఏడు, వీధిలో ఏఴు

మదురై పక్క పల్లెల్లోనో, కోయంబత్తూరు వీధుల్లోనో తెలుగింట పుట్టిన పిల్ల ఇంట్లో 'ఏడు' అంటుంది. గడప దాటితే అదే అంకెను 'ఏఴు' అంటుంది. పెరట్లో తిరిగే కోడి పక్కింటి దొడ్లోకి దూరితే 'కోఴి' అవుతుంది. మనింటి 'రోలు' వాళ్ళింట్లో 'ఉరల్'. ఆ పిల్లకు ఇవి రెండు భాషలు. ధ్వనుల చరిత్ర చదివినవాళ్ళకు మాత్రం ఒకే మాట రెండు వయసుల్లో కనిపిస్తుంది.

నాలుక కొసను వెనక్కి మడిచి, అంగిటిని తాకీ తాకకుండా పలికే ధ్వని ఈ 'ఴ'. ఒకప్పుడు మనకూ ఉండేది. 6వ శతాబ్దం నుంచి దొరుకుతున్న రేనాటి చోళుల తెలుగు శాసనాల్లో దీనికి ప్రత్యేకంగా అక్షరం ఉంది. 11వ శతాబ్దంలో నన్నయ కలం పట్టేనాటికి ఆ ధ్వని మన నోట లేదు. చాలా మాటల్లో 'డ'లో కలిసిపోయింది. తమిళం దాన్ని నిలుపుకుంది. అంటే దక్షిణానికి వలస వెళ్ళిన తెలుగువాళ్ళకు తమ భాష ఎప్పుడో పోగొట్టుకున్న ధ్వని ఇరుగుపొరుగు నోట మళ్ళీ వినిపించింది.

రోలు కథ ఇంకా ముచ్చటైనది. ఈ భాషలన్నిటికీ తల్లి అయిన మూల ద్రావిడంలో ర, ల వంటి ధ్వనులు మాట మొదట్లో వచ్చేవి కావు. తెలుగు అచ్చునూ హల్లునూ తారుమారు చేసి వాటిని ముందుకు తెచ్చుకుంది. 'ఉరల్' పక్కన 'రోలు', 'ఇరండు' పక్కన 'రెండు' పెట్టి చూస్తే ఆ మార్పు కళ్ళకు కడుతుంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుదురు నుంచి వచ్చాయని 1816లో ఆంగ్లేయ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మాటల పట్టికలతో నిరూపించాడు. ఆయన 1819లో కన్నుమూసింది మదురై వైపునే ఉన్న రామనాథపురంలో. ఆయన కాగితం మీద చేసిన పోలికను ఈ ఊళ్ళ పిల్లలు రోజూ నోటితో చేస్తున్నారు.

    

మదురైని తెలుగు నాయకులు 1529 నుంచి 1736 దాకా ఏలారు. వాళ్ళలో విజయరంగ చొక్కనాథుడు స్వయంగా తెలుగు వచనం రాశాడు. రాజ్యం పోయాక బడి తమిళమైంది, తెలుగు లిపి మెల్లగా చేజారింది. 2011 జనగణన తమిళనాడులో 42 లక్షల మందికి తెలుగు మాతృభాష అని లెక్కగట్టింది. వాళ్ళలో ఎంతోమందికి తెలుగు నోటికి వచ్చు, చేతికి రాదు. కోస్తాలో 'వచ్చాడు'గా కుదించుకుపోయిన మాట వాళ్ళ నోట 'వచ్చినాడు'గానే ఉంది. అది పాత రూపం. దాన్ని మోటు యాస అని మనవాళ్ళే నవ్వినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది.

లిపి లేకపోతే నష్టం ఎక్కడ మొదలవుతుందో ఒక పెళ్ళిపాటల నోటుబుక్కులో చూశాను. కోయంబత్తూరులో ఒక ఇంటి పెద్దావిడది. పాటలు తెలుగు, అక్షరాలు తమిళం. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. ప, బలకూ అంతే. సొంత మాటల్లో ఆ ధ్వని మాట మొదట్లో ఉందా, నడుమ ఉందా అన్నదాన్ని బట్టే పలుకు తేలిపోతుంది గనక తమిళానికి రెండో అక్షరం అక్కర్లేదు. మనకు అలా కుదరదు. 'కాలి' వేరు, 'గాలి' వేరు. 'పండి' వేరు, 'బండి' వేరు. ఆ పుస్తకంలో మాత్రం ఈ జంటలు ఒకేలా ఉన్నాయి.

పెద్దావిడ ఎక్కడా తడబడలేదు. ఆమెకు అక్షరాలు గుర్తుచేయడానికే, పలుకు లోపలే ఉంది. తర్వాత మనవరాలు పుస్తకం అందుకుని చదివింది. రెండో పాటలో 'గాలి' రావలసిన చోట 'కాలి' అంది. వంటింట్లోంచి పెద్దావిడ "కాలి కాదమ్మా, గాలి" అంది. ఆ పిల్ల మళ్ళీ పుస్తకంలోకి చూసింది. అక్కడ తేడా ఏమీ లేదు.