అంబలి అంటే సిగ్గెందుకు?



ఈసారి మన గోడపత్రికకి చోడి అంబలి గురించి రాస్తున్నాను. "రోజూ ఇంటికాడ తాగిందే కదా, దాని గురించి రాయడానికేముంది" అని కొందరు నవ్వుతారేమో. నవ్వండి, కానీ చివరిదాకా చదవండి.

ఆదివారం అమ్మానాన్నలు మనల్ని చూడ్డానికి వస్తూ డబ్బాలో అంబలి తెస్తారు. మనలో కొందరు "ఇక్కడ తియ్యకే అమ్మా, అందరూ చూస్తారు" అని వెనక్కి పంపేస్తారు. రాత్రి లైట్లు తీసేశాక మళ్లీ వాళ్లే "మా అమ్మ కాసే అంబలి, పక్కన కాల్చిన ఎండుచేప ఉంటే ఎంత బాగుంటాదో" అని చెప్పుకుంటారు. ఇష్టమూ ఉంది, సిగ్గూ ఉంది. అంబలి సంగతి సరిగ్గా తెలిస్తే ఆ సిగ్గు పోతుంది.

చోడి ఎక్కడిది?

మనం చోళ్లు అంటాం. రాగులు అన్నా, తెలంగాణలో తైదలు అన్నా ఇవే. ఈ పంట మొదట తూర్పు ఆఫ్రికా కొండల్లో పుట్టింది. అక్కడినుంచి వేల ఏళ్ల కిందటే మన దేశానికి వచ్చింది. కొండవాలులో, పలచటి మట్టిలో, వానలు తక్కువైనా పండుతుంది. గింజ చిన్నది, గట్టిది. ఆరబెట్టి దాస్తే ఏళ్ల తరబడి నిలవుంటుంది, పురుగు తొందరగా పట్టదు. అందుకే పూర్వం గాదెలో చోళ్లున్న ఇంటికి కరువు భయం తక్కువ.

పులుపు ఎలా వస్తుంది?

అంబలి రుచంతా ఆ కమ్మటి పులుపులోనే ఉంది. రాత్రి చోడిపిండిని నీళ్లలో కలిపి మూత పెడతాం కదా. పిండిలోనూ కుండలోనూ కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. అవి పిండిలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పాలు పెరుగయ్యేదీ, ఇడ్లీ పిండి పులిసేదీ ఇలాంటి జీవుల వల్లే. పాత పులుపు ఒక గరిటెడు మిగిల్చి కొత్త పిండిలో కలిపితే తొందరగా పులుస్తుంది. పెరుగుకి తోడు వేసినట్టే ఇదీ.

ఈ జీవులకు వెచ్చదనం కావాలి. ఎండాకాలం ఒక రాత్రి చాలు. మన ఏజెన్సీలో పుష్యమాసం చలికి ఒక రాత్రిలో పులవదు. అందుకే ఆ రోజుల్లో మామ్మ కుండని పొయ్యి పక్కకి జరిపి పెడుతుంది.

ఎలా కాయాలి?

ఒక గ్లాసు చోడిపిండిని రెండు గ్లాసుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి రాత్రి ఉంచాలి. పొద్దున్న ఐదు గ్లాసుల నీళ్లు మరిగించి గుప్పెడు బియ్యపు నూక వెయ్యాలి. నూక ఉడికాక పులిసిన పిండిని సన్నగా పోస్తూ తెడ్డుతో ఆపకుండా కలపాలి. కలపడం ఆపితే అడుగంటుతుంది, ఉండ కడుతుంది. వేడికి పిండి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, అప్పుడే అంబలి చిక్కబడుతుంది. పది పదిహేను నిమిషాలు బాగా ఉడకాలి. దించి ఉప్పు వేసి చల్లార్చుకోవాలి. ఉంటే మజ్జిగ కలపొచ్చు. నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఎండుచేప, ఏదైనా బాగుంటుంది.

రెండు జాగ్రత్తలు. పులుపు పెట్టడానికి మట్టికుండ గానీ స్టీలు గిన్నె గానీ వాడాలి. అల్యూమినియం గిన్నెలో పెడితే పులుపు ఆ లోహాన్ని కొద్దికొద్దిగా తింటుంది. పిండి మీద బూజు కట్టినా, చెడు వాసన కొట్టినా పారబొయ్యాలి, మళ్లీ కాయకూడదు.

అడ్డాకులో రొట్టె

పండగకో, చుట్టాలొచ్చినప్పుడో చోడిపిండిలో బెల్లం కలిపి అడ్డాకులో పెట్టి నిప్పుల మీద కాలుస్తారు. ఆకెందుకు? గోధుమపిండిలో సాగే జిగురు ఉంటుంది, చోడిపిండిలో అది లేదు. అందుకే పిండి విరిగిపోతుంది. ఆకు దాన్ని పట్టి ఉంచుతుంది, ఆవిరిని లోపలే ఆపుతుంది. పైన ఆకు మాడిన వాసన, లోపల కరిగిన బెల్లం! అది తిన్నవాడికి ఏ బేకరీ కేకూ ఆనదు.

ఇందులో బలమెంత?

నూరు గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే తూకం పాలల్లో సుమారు 120, తెల్ల బియ్యంలో 10 దాకా ఉంటుంది. ఎదిగే పిల్లల ఎముకలకి ఇది అవసరం. ఇనుము కూడా ఉంది. కానీ గింజలో ఫైటేట్ అనే పదార్థం ఒకటి ఉండి, ఇనుమునీ కాల్షియాన్నీ పట్టేసుకుంటుంది, ఒంటికి అందనివ్వదు. పిండి పులిస్తే ఫైటేట్ తగ్గుతుంది. మన పెద్దవాళ్లు ఆ పేరు వినలేదు, పని మాత్రం చేసి పెట్టారు. అలాగని అంబలి ఒక్కటే చాలదు. గ్లాసులో ఉండే పిండి కొంచెమే కాబట్టి పప్పు, గుడ్డు, ఆకుకూర కూడా తినాలి.

అమ్మ వంట ఎందుకు గుర్తొస్తుంది?

మన మెదడులో వాసనను పసిగట్టే చోటు, జ్ఞాపకాలనీ సంతోషం, దుఃఖం లాంటి భావాలనీ చూసుకునే చోట్లకి దగ్గరగా కలిసి ఉంటుంది. అందుకే ఒక వాసన తగిలితే చాలు, ఇల్లు మొత్తం కళ్ల ముందుకొస్తుంది. కొత్తగా చేరిన మూడో తరగతి పిల్లలు అన్నం ముందు కూర్చుని ఏడుస్తున్నారంటే అది తిండి మీద పేచీ అనుకోకండి. వాళ్లు ఇంటి వాసన వెతుక్కుంటున్నారు.

మరి సిగ్గు ఎలా వచ్చింది?

1983లో మన రాష్ట్రంలో రెండు రూపాయల కిలో బియ్యం పథకం మొదలైంది. ఆ బియ్యం ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టకూడదు. కానీ తెల్లన్నం తినేవాడు గొప్ప, అంబలి తాగేవాడు బీద అనే మాట కూడా మనలో పాతుకుపోయింది. తిండి మారేకొద్దీ చోడి చేలూ తగ్గుతూ వచ్చాయి.

ఇప్పుడు గాలి తిరిగింది. మన దేశం అడిగితే ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో ఆంధ్రప్రదేశ్ బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ పొయ్యడం మొదలుపెట్టారు. పట్నం షాపుల్లో చోడిపిండిని రంగు ప్యాకెట్లలో పెట్టి అమ్ముతున్నారు. మనం దాచుకునే డబ్బాలో ఉన్నదీ అదే పిండి. మరి మనకెందుకు సిగ్గు?

నా మనవి

మిత్రులారా! ఈసారి ఎవరి అమ్మయినా అంబలి తెస్తే ఎగతాళి చెయ్యకండి, ఒక గ్లాసు అడగండి. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మామ్మ దగ్గర కూర్చుని పులుపు పెట్టడం చూసి రండి. ఒక్కో ఊళ్లో ఒక్కో పద్ధతి ఉంటుంది. రాసుకొస్తే వచ్చే సంచికలో అన్నీ కలిపి వేద్దాం. మామ్మలు ఉండగానే అడగాలి, తర్వాత చెప్పేవాళ్లుండరు.

వార్డెన్ గారికి ఒక విన్నపం. నెలకి ఒక్క ఆదివారం మన హాస్టల్లోనే పులిసిన అంబలి కాయనివ్వండి. ముందురోజు రాత్రి పిండి కలపడం పెద్ద తరగతుల వాళ్లం చూసుకుంటాం. తెడ్డు తిప్పడానికి, గిన్నెలు తోమడానికి కూడా మేమే ఉంటాం. మొదటి గ్లాసు మాత్రం మూడో తరగతి పిల్లలకి పొయ్యాలి.