రాగి సెంటుకు లక్షల డాలర్లు: ధర లోహానిది కాదు, అచ్చుది

బరువు 13 గ్రాములకు కాస్త ఎక్కువ. టన్ను రాగి 10,000 డాలర్లని లెక్క వేసుకున్నా అందులోని లోహం 13, 14 సెంట్లు చేస్తుంది. అలాంటి నాణెం ఒకటి 2012 జనవరిలో అమెరికాలో జరిగిన వేలంలో 13 లక్షల 80 వేల డాలర్లు పలికింది. అది 1793లో ఫిలడెల్ఫియా టంకశాలలో తయారైన 'చెయిన్ సెంటు'.

బంగారు, వెండి నాణేలకు ఎంత మందగించిన బజారులోనైనా లోహం ధర అడుగున ఆదుకుంటుంది. పాత రాగికి ఆ ఆసరా లేదు. కొనుగోలుదారు ఇచ్చే సొమ్మంతా నాణెం అరుదుకు, దాని స్థితికి మాత్రమే. అందుచేత ఈ సరుకులో తూకం కంటే తనిఖీయే ముఖ్యం.

తూకంలో కోతలు

1792 ఏప్రిల్ చట్టం సెంటుకు 264 గ్రెయిన్ల రాగిని నిర్ణయించింది. అది గిట్టుబాటు కాదని తేలడంతో 1793 జనవరిలో 208 గ్రెయిన్లకు, 1795 చివర 168 గ్రెయిన్లకు తగ్గించారు. తొలి చెయిన్ సెంట్లు 36,103 తయారయ్యాయి. స్వేచ్ఛా దేవత వెనుక వైపు గొలుసు ఉండడం అపశకునమని విమర్శలు రావడంతో దాని స్థానంలో ఆకుల దండ వేశారు.

కొంతకాలం రాగి బిళ్ళలు ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ నుంచి మాథ్యూ బౌల్టన్ సరఫరా చేశారు. ఈస్టిండియా కంపెనీ మన ఉత్తర సర్కారుల కోసం 1794లో రూపాయికి 48 చొప్పున చెల్లే రాగి నాణేలను చేయించుకున్నది కూడా ఈ బౌల్టన్ టంకశాలలోనే. 1812లో మొదలైన యుద్ధంతో ఇంగ్లాండు నుంచి బిళ్ళల రాక నిలిచిపోయింది. 1793 నుంచి 1857 వరకు తయారైన పెద్ద సెంట్లలో 1815 సంవత్సరం ఒక్కటే లేకపోవడానికి ఇదే కారణం.

అచ్చు మారితే ధర మారుతుంది

ఆ రోజుల్లో ఉక్కు అచ్చులను చేతితోనే సిద్ధం చేసేవారు. అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటిగా కొట్టేవారు. అందువల్ల ఏ రెండు అచ్చులూ ఒక్కలా ఉండవు. బొమ్మ వైపు అచ్చు పగిలితే కొత్తది వచ్చి పాత బొరుసుతో జత కట్టేది. 1794లో సుమారు 9 లక్షల 18 వేల సెంట్లు తయారు కాగా, అచ్చుల జతలు 50కి పైగా ఉన్నాయి. ఫిలడెల్ఫియా వైద్యుడు ఎడ్వర్డ్ మారిస్ 1869లోనే వీటికి జాబితా వేసి, 'రెండు గడ్డాలు' వంటి ముద్దుపేర్లు పెట్టారు.

అరిగిన మామూలు రకం 1794 సెంటు కొన్ని వందల డాలర్లకు దొరుకుతుంది. అదే సంవత్సరానిదే అయినా, బొరుసు అంచున 94 సూక్ష్మ నక్షత్రాలున్న రకంలో మేలైన నాణెం 2008లో 6,32,500 డాలర్లకు పోయింది.

70 అంకెల కొలబద్ద

ఈ వ్యాపారానికి నాణ్యత గ్రేడులు ఏర్పరచినవారు మనస్తత్వ శాస్త్రవేత్త విలియం షెల్డన్. 1949లో ఆయన పెట్టిన సూత్రం సులువైనది. పూర్తిగా అరిగిన నాణేనికి 1, మచ్చలేని దానికి 70. ఆ రకం కనీస ధరను గ్రేడు అంకెతో హెచ్చిస్తే నాణెం ధర వస్తుంది. కనీస ధర 1 డాలరైతే, 20 గ్రేడు నాణెం 20 డాలర్లన్న మాట.

లెక్క ఎక్కువ కాలం నిలవలేదు. పై గ్రేడులకు గిరాకీ పెరిగి వాటి ధరలు సూత్రాన్ని దాటిపోయాయి. హెచ్చవేత పోయినా అంకెలు మాత్రం మిగిలాయి. నేడు అమెరికా నాణేలన్నిటికీ ఈ 70 అంకెల కొలబద్దే వాడుకలో ఉంది.

కొన్నవారికే నష్టం

కొలబద్ద ఇచ్చిన షెల్డనే నమ్మకాన్ని వమ్ము చేసినట్టు తర్వాత బయటపడింది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భాండారంలోని మేలైన సెంట్లను ఆయన తీసుకుని, వాటి స్థానంలో అదే రకం నాసి నాణేలను పెట్టారు. 1970వ దశకం ఆరంభంలో తన సేకరణను అమ్మినప్పుడు ఆ సరుకు కూడా చేతులు మారింది. షెల్డన్ 1977లో మరణించారు. వివాదం కోర్టుకు వెళ్ళింది. దొంగతనం సంగతి యజమానికి తెలిసిన నాటి నుంచే దావా గడువు లెక్కించాలని కాలిఫోర్నియా అప్పీలు కోర్టు 1996లో తేల్చింది. ఆఖరి తీర్పు సొసైటీ పక్షాన వచ్చింది. సొమ్ము చెల్లించి, ఏళ్ళ తరబడి దగ్గర ఉంచుకున్నా, దొంగ సరుకుపై కొన్నవారికి హక్కు దక్కలేదు.

కాబట్టి ఈ బజారులో గ్రేడు అంకెను మాత్రమే చూసి కొనడం క్షేమం కాదు. నాణెం ఎవరెవరి చేతులు మారి వచ్చిందో విచారించాలి. తోమి మెరుగుపెట్టిన రాగికి ధర పడిపోతుంది. 1798 నాణెంపై చివరి అంకె దిద్ది, అరుదైన 1799గా అమ్మిన సందర్భాలున్నాయి. 1860 ప్రాంతంలో పారేసిన పాత అచ్చులతో ప్రైవేటుగా కొట్టిన 1804 సెంట్లు కూడా ఉన్నాయి.

వీటికి విరుగుడు అచ్చుల పరిజ్ఞానమే. టంకశాల విడుదల చేసిన 1804 సెంట్లన్నీ ఒకే ఒక్క జత అచ్చుల నుంచి వచ్చాయి. ఆ జత గుర్తులు కనిపించని 1804 సెంటు ఎంత నిగనిగలాడుతున్నా అసలు సరుకు కాదు.