సామాజిక మూలధనం

ఇరుగుపొరుగు మధ్య నమ్మకం, అవసరమొస్తే కలిసి కదిలే అలవాటు. వీటినే సామాజిక మూలధనం అంటారు. ఇవి గట్టిగా ఉన్న పేటల్లో, పేదరికం ఒకేలా ఉన్నా, హింస తక్కువని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్ బృందం 1997లో షికాగో అధ్యయనంలో తేల్చింది.

నెల్లూరు జిల్లాకు ఇది కొత్త కాదు. దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి చేరిన ఆడవాళ్లు వాచకంలో సారా పాఠం చదివారు. తాగొచ్చి కొట్టే మొగుళ్ల సంగతి ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇంటిగుట్టు ఊరి సమస్య అయింది. సారా దుకాణం మూయించారు, ఉద్యమం సారా వేలంపాటలను అడ్డుకునేదాకా వెళ్లింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. భార్యను కొట్టడం నేరమన్న చూపు పోలీసులకంటే ముందు వాళ్లకే వచ్చిందని నా నమ్మకం.

తీరంలోని మత్స్యకార పల్లెల్లో కులపెద్దల కట్టుబాటుదీ ఇదే బలం. తగువులు చాలావరకు పోలీసు స్టేషన్‌దాకా పోవు. అయితే ఎదురుచెప్పిన కుటుంబాన్ని వెలివేసే శక్తీ దానికే ఉంది. అప్పుడు వాళ్లకు స్టేషనే దిక్కు.