ఋణ నివేదికలో తెలియని పద్దు కనిపిస్తే ఏం చేయాలి?

సంఘంలో పాలు పోసిన ప్రతి సభ్యుడూ చీటీ తీసుకొని, ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత అని చూచుకుంటాడు. అంకె తేడాగా ఉంటే కార్యదర్శిని అక్కడే అడుగుతాడు. అయితే మన పేరిట మరొక లెక్క కూడా నడుస్తున్నది. దానిని మనలో చాలామంది ఎన్నడూ చూచి ఉండరు. అదే ఋణ నివేదిక, అనగా క్రెడిట్ రిపోర్టు.

బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు తామిచ్చిన అప్పుల వివరాలను ఋణ సమాచార సంస్థలకు పంపుతాయి. 2005 నాటి చట్టం క్రింద పనిచేసే ఇటువంటి సంస్థలు మన దేశంలో నాలుగు ఉన్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. గేదె కొనడానికి అప్పు అడిగినప్పుడు బ్యాంకు వారు ఈ నివేదికను చూస్తారు. అందులో మనది కాని బాకీ ఉంటే, వాయిదా తప్పని రైతు కూడా వట్టి చేతులతో తిరిగి రావలసి వస్తుంది.

తెలియని పేరల్లా మోసం కాదు

మన వరంగల్ ప్రాంతంలో బ్యాంకుల పేర్లు ఎన్నో మారాయి. కాకతీయ గ్రామీణ బ్యాంకు 2006లో మరి నాలుగు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది. దాని తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలోను, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులోను కలిశాయి. కనుక అప్పు తీసుకున్నది ఒక పేరిట, నివేదికలో కనిపించేది మరొక పేరిట కావచ్చు. పాత పాస్‌బుక్కు తీసి, తేదీ, మొత్తం సరిపోల్చుకోవాలి.

ఇతరుల అప్పుకు పూచీ సంతకం చేసి ఉంటే అదీ మన నివేదికలో కనిపిస్తుంది. వాయిదాలపై టి.వి., మోటారు సైకిలు కొన్నప్పుడు దుకాణం పేరు కాక, అప్పిచ్చిన కంపెనీ పేరు ఉంటుంది. మహిళా సంఘం ద్వారా తీసుకున్న అప్పు కూడా ఉండవచ్చు. ఇవన్నీ గుర్తు చేసుకున్న తరువాతనే నిర్ణయానికి రావాలి.

మనది కాదని తేలితే

మొదట, ఆ పద్దు పంపిన బ్యాంకుకు, ఋణ సమాచార సంస్థకు కూడా ఫిర్యాదు వ్రాతమూలకంగా ఇవ్వాలి. ఖాతా నంబరు, తేదీ, మొత్తం వ్రాసి, అప్పు పత్రాల నకలు చూపమని కోరాలి. ఫిర్యాదు అందినట్లు రసీదు తీసుకోవాలి. తీర్చిన అప్పు ఇంకా బాకీగా ఉంటే, బాకీ లేదన్న పత్రం నకలు జతపరచాలి.

ఎవరో మన పేరిట అప్పు తీసుకున్నట్లు అనుమానం కలిగితే, 1930కి ఫోను చేసి, పోలీసు స్టేషనులో కూడా ఫిర్యాదు ఇవ్వాలి. మనది కాని బాకీని "పోనీలే, చిన్న మొత్తమే కదా" అని కట్టరాదు.

ఫిర్యాదును 30 రోజులలో పరిష్కరించాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిర్ణయించింది. ఈ నియమం 2024 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. అప్పటికీ జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దీనికి రుసుము లేదు. వివరాలకు 14448కి ఫోను చేయవచ్చు.

కొన్ని జాగ్రత్తలు

డబ్బిస్తే నివేదికను శుభ్రం చేయిస్తామనే దళారులను నమ్మరాదు. తప్పు పద్దును సరిచేయించడానికి దళారీ అక్కరలేదు. నిజమైన బాకీని ఏ దళారీ చెరపలేడు. ఓ.టి.పి. ఎవరికీ చెప్పరాదు. ఆధార్, పాన్ కార్డుల నకలు ఇచ్చేటప్పుడు దానిపై ఏ పని కోసమో, ఏ తేదీనో వ్రాసి సంతకం చేయాలి.

నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. పాన్ నంబరు, ఫోను ఉంటే ఇంట్లో చదువుకున్న పిల్లల చేతనైనా తెప్పించుకోవచ్చు. అప్పు అవసరం పడిన నాడు కాక, ముందే చూచుకుంటే సరిచేయించుకొనడానికి వ్యవధి ఉంటుంది. ఈ విషయాలను సంఘ కార్యదర్శులు రాబోయే సమావేశంలో సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.