చీటీ మీద అంకెలు రాసే అమ్మాయి

మన ఆసుపత్రికి వచ్చే మీకు డాక్టరుగారి పేరు తెలుసు, సిస్టర్ల పేర్లూ తెలుసు. మీ బరువు చూసి, బి.పి. పట్టీ చుట్టి, చీటీ మీద అంకెలు రాసిచ్చే అమ్మాయి పేరు ఎంతమందికి తెలుసు? రికార్డులో ఆమెను మెడికల్ అసిస్టెంట్ అని రాస్తాం. మీరు మాత్రం ఆయమ్మా అనో, సిస్టరమ్మా అనో నోటికొచ్చినట్టు పిలుస్తారు.

ఉదయం రాత్రి డ్యూటీవారి దగ్గర వార్డు అప్పగించుకోవడంతో ఆమె పని మొదలవుతుంది. ఎవరికి జ్వరం తగ్గలేదు, ఎవరికి మూత్రం సరిగా రాలేదు, ఎవరు తిండి ముట్టలేదు, అన్నీ అడిగి తెలుసుకుంటుంది. మంచంమీంచి లేవలేనివారిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతుంది. తిప్పకపోతే నడుము కింద పుండు పడుతుంది, అది మానడానికి నెలలు పట్టవచ్చు.

తర్వాత ఓ.పి. సాగర్ రోడ్డు మీద బస్సు దిగి గబగబా వచ్చి, కూర్చోగానే చెయ్యి చాపుతారు మీలో చాలామంది. “జల్ది సూడు బిడ్డా, మళ్ల బస్సు పోతది” అంటారు. ఐదు నిమిషాలు ఆగమంటే కోపం! కానీ నడిచొచ్చిన వెంటనే, మాట్లాడుతూ, కాలుమీద కాలు వేసుకుని చూపించుకుంటే బి.పి. ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు. ఆ అంకెను నమ్మి మందు పెంచితే, తర్వాత కళ్లు తిరిగి పడేది మీరే. వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద పెట్టి మౌనంగా కూర్చోండి. బరువు కూడా ఊరికే చూడదు. రెండు వారాలు దాటిన దగ్గుతో వచ్చిన మనిషి బరువు తగ్గితే, క్షయ ఏమోనని డాక్టరుగారికి ముందే చెప్పేది ఆమే.

మధ్యాహ్నం చేసే పనిని మీరు చూడరు. నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. ఆపరేషనుకు వాడిన కత్తెరలు, ఫోర్సెప్స్ విప్పి, కీళ్లలో బ్రష్ పెట్టి రుద్ది కడగాలి. రక్తం అంటుకుని ఉన్నదాన్ని ఎంత వేడిచేసినా శుద్ధి కాదు. ఆరబెట్టి, మూటకట్టి ఆటోక్లేవ్‌లో పెట్టాలి. ఆవిరి వేడి 121 డిగ్రీలకు చేరాక, నిర్ణీత సమయం నిలవాలి. మూట మీద టేపుకు నల్లగీతలు వచ్చినంత మాత్రాన చాలదు, వేడి తగిలిందని మాత్రమే అవి చెబుతాయి. లోపలి పట్టీనీ, మీటరునూ కూడా చూడాలి.

2022 ఆగస్టు 25న మన పక్కనే ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్దిరోజుల్లోనే నలుగురు తల్లులు చనిపోయారు. ఆ తర్వాత వేళ్లన్నీ ఇన్ఫెక్షన్ వైపే చూపాయి. ఆ వార్త చదివిన రోజు నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది.

అప్పట్లో వేరే ఊళ్లో స్టాఫ్ నర్సుని. ఆపరేషనుకు అంతా సిద్ధం. సహాయకురాలు మూట పట్టుకుని వచ్చి, “సిస్టర్, లోపలి పట్టీ రంగు మారలేదు, మళ్లీ పెడతాను” అంది. ఆలస్యమవుతుందని నలుగురి ముందు ఆమెను కసిరాను. ఆమె మారుమాట్లాడలేదు, మూట మాత్రం ఇవ్వలేదు. ఆ రోజు ఆపరేషను దాదాపు గంట ఆలస్యమైంది, రోగి క్షేమంగా ఇంటికెళ్లాడు. నేను ఆమెకు క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడు మా పిల్లలు ఎవరైనా మూట వెనక్కి తీసుకెళ్తే, ఎందుకని ఎవరూ అడగరు.

ఇంకొక మాట. ఏ మాత్ర ఎంత వేసుకోవాలి, ఇంజెక్షను ఇస్తావా అని ఆమెను అడిగి ఇబ్బంది పెట్టకండి. అది ఆమె చేయకూడని పని, చేయనంటే తప్పుబట్టకండి. మీ ఓ.పి. చీటీ మీద అంకెల పక్కన చిన్న సంతకం ఉంటుంది చూడండి, అది ఆమెదే.