స్పామ్‌ను పట్టిచ్చిన ఎరుపు

2002 ఆగస్టులో పాల్ గ్రాహం అనే అమెరికన్ ప్రోగ్రామర్ తన ఈమెయిల్‌లోంచి స్పామ్‌ను ఏరిపారేసే పద్ధతిని ఒక వ్యాసంలో వివరించారు. అంతకుముందు ఆయన కూడా చాలామందిలాగే నిబంధనల మీద ఆధారపడ్డారు. ఫలానా మాట ఉంటే ఆపు, ఫలానా లక్షణం కనిపిస్తే పక్కన పెట్టు అని రాసుకుంటూ పోయేవారు. స్పామర్లు ఒక అక్షరం మార్చి మళ్లీ లోపలికి వచ్చేసేవారు.

దాంతో ఆయన దారి మార్చారు. తనకు పనికొచ్చే ఉత్తరాలు సుమారు 4,000, స్పామ్ మరో 4,000 రెండు కుప్పలుగా పోసి, ఏ మాట ఎందులో ఎన్నిసార్లు వచ్చిందో కంప్యూటర్‌తో లెక్కపెట్టించారు. కొత్త ఉత్తరం రాగానే, ఏదో ఒక కుప్ప వైపు గట్టిగా మొగ్గే 15 మాటలను ఏరి, అది స్పామ్ అయ్యే అవకాశమెంతో ప్రోగ్రామ్ తేలుస్తుంది. దీనికి మూలం థామస్ బేయస్ సంభావ్యతా సూత్రం. అది బేయస్ చనిపోయాక 1763లో అచ్చయింది.

ఫలితం గ్రాహంనే ఆశ్చర్యపరిచింది. అక్షరాలకు కళ్లు చెదిరే ఎరుపు రంగు వేసే 'ఎఫ్ఎఫ్0000' అనే సంకేతం, బూతు మాటలతో సమానంగా స్పామ్‌ను పట్టిచ్చింది. ఏ మనిషీ రాయని నిబంధన అది!

లెక్కలో ఆయన ఒక జాగ్రత్త తీసుకున్నారు. మంచి ఉత్తరం పొరపాటున స్పామ్‌లో పడకుండా, అలాంటి ఉత్తరాల్లోని మాటల లెక్కను రెట్టింపు చేశారు. ధాన్యం చెరిగేటప్పుడు నాలుగు పొల్లు గింజలు మిగిలినా ఫర్వాలేదు, మంచి గింజ జారిపోకూడదు. స్పామ్ ఒకటి తప్పించుకొస్తే పోయేది ఒక్క క్షణం. ఇంటర్వ్యూ పిలుపు స్పామ్‌లో పడితే, అది వచ్చిందన్న సంగతే అభ్యర్థికి తెలియదు.

స్పామర్లూ ఊరుకోలేదు. ఉత్తరం అడుగున సంబంధం లేని మామూలు మాటలు గుప్పించారు, ప్రకటనను బొమ్మగా మార్చి పంపారు. ఫిల్టర్లు పంపినవారి చిరునామాను, లింకులను కూడా తూచడం నేర్చుకున్నాయి.

మన ఫోన్లకు వచ్చే ఎస్ఎంఎస్‌ల విషయంలో వాటిని అందుకున్నవారి తీర్పుకూ విలువ ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం ప్రచార సందేశం పంపినవారి పేరు చివర 'పి', సేవలకు 'ఎస్', లావాదేవీలకు 'టి', ప్రభుత్వానికి 'జి' ఉండాలి. ప్రచార సందేశాలు పంపేందుకు నమోదు చేసుకోనివారి నుంచి స్పామ్ వస్తే 7 రోజుల్లోగా 1909కి ఫిర్యాదు చేయవచ్చు. ఒకరి మీద 10 రోజుల్లో 5 ఫిర్యాదులు చేరితే చర్య మొదలవుతుంది. అంతకుముందు 7 రోజుల్లో 10 ఫిర్యాదులు కావాల్సి వచ్చేది.

ఇక ఈమెయిల్‌కు వస్తే, జీమెయిల్ తన స్పామ్ అరలో ఉన్నవాటిని 30 రోజులకు తనంతట తానే చెరిపేస్తుంది. ఈలోగా అక్కడ ఓసారి వెతికి, మంచి ఉత్తరం కనబడితే 'స్పామ్ కాదు' అని నొక్కాలి. ఆ ఉత్తరం ఇన్‌బాక్స్‌కు తిరిగొస్తుంది, ఫిల్టర్‌కూ తన పొరపాటు తెలుస్తుంది.